నాలుగు మళ్లు, ఒక పట్టిక

1980ల మొదట్లో వాల్తేరులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివే మాకు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారంటే క్రామర్–రావు అసమానత అనే సూత్రమే. కాంబినటోరిక్స్‌లో ఆయన చేసిన పని ప్రయోగ రచన తరగతిలో తెలిసింది. మాస్టారు బోర్డు మీద నాలుగు అడ్డవరుసలు, మూడు నిలువు వరుసలు గీసి ఒకట్లు, రెండ్లు నింపారు. "ఏ రెండు నిలువు వరుసలు తీసుకున్నా నాలుగు రకాల జతలూ ఒక్కోసారే వస్తాయి, చూడండి" అన్నారు. దాని పేరు ఆర్థోగొనల్ అర్రే. 1946, 47లలో అచ్చయిన వ్యాసాల్లో రావుగారు ఈ ఆలోచనకు రూపమిచ్చారు. అప్పటికి ఆయన వయసు దాదాపు ఇరవయ్యారు.

డిసెంబరు సెలవులకు మా ఊరు పామర్రు వచ్చాను. వరి కోతకు ముందు చేలో మినుము చల్లే రోజులు. పాత విత్తనమా కొత్తదా, పలచగా చల్లాలా ఒత్తుగానా, మందు ఒకసారి కొట్టాలా రెండుసార్లా అని నాన్నగారు తర్జనభర్జన పడుతున్నారు. అన్ని కలయికలూ చూడాలంటే ఎనిమిది మళ్లు కావాలి. "అంత నేల ఎక్కడిదిరా?" అన్నారు. నేను పట్టిక గీశాను. మొదటి మడిలో పాత విత్తనం, పలచన, ఒకసారి మందు. రెండోదాంట్లో పాతది, ఒత్తు, రెండుసార్లు. మూడోదాంట్లో కొత్తది, పలచన, రెండుసార్లు. నాలుగోదాంట్లో కొత్తది, ఒత్తు, ఒకసారి. కొత్త విత్తనం పడిన రెండు మళ్లనూ పాతది పడిన రెండింటితో పోలిస్తే, మిగతా రెండు అంశాలూ ఇరువైపులా సమానంగా ఉంటాయి.

నాన్నగారు చాలాసేపు చూసి, "కొత్త విత్తనం పలచగా చల్లితేనే బాగా పండేదైతే, ఇందులో తెలుస్తుందా?" అని అడిగారు. తెలియదు. అంశాలు ఒకదానిపై ఒకటి పనిచేస్తే ఈ చిన్న పట్టిక చాలదు. మన మూడు అంశాల విషయంలో ఎనిమిది మళ్లూ వేయాల్సిందే. రావుగారు పట్టికకు 'బలం' అనే కొలత పెట్టింది ఇందుకే. ఎన్ని నిలువు వరుసలను ఎలా తీసుకున్నా అన్ని కలయికలూ సమానంగా వస్తాయో, ఆ సంఖ్యే బలం; మాస్టారి పట్టిక బలం రెండు. ఎంత బలానికి కనీసం ఎన్ని అడ్డవరుసలు కావాలో చెప్పే హద్దు కూడా ఆయనే ఇచ్చారు. ఏడు అంశాలకు 128 కలయికలున్నా, బలం రెండు చాలనుకుంటే ఎనిమిది వరుసలు సరిపోతాయి. అంతకంటే తగ్గించడం ఎవరి తరమూ కాదు.

తర్వాత రావుగారి జీవితం గురించి చదివాను. పోలీసు ఉద్యోగి అయిన తండ్రి బదిలీల వల్ల బాల్యంలో ఆయన చదువు నూజివీడు, నందిగామల్లోనూ సాగింది. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేపి దీపం వెలిగించి చదివించేవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాక కలకత్తాలో సైన్యంలో ఉద్యోగానికి వెళితే రాలేదు. 1941 జనవరిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ రాజ్‌చంద్ర బోస్ దగ్గర ప్రయోగ రచనల గణితం నేర్చుకున్నారు. 1950లలో అదే సంస్థకు వచ్చి వెళ్లిన జపాన్ ఇంజనీరు తగుచి ఈ పట్టికలను కర్మాగారాల్లోకి తీసుకెళ్లారు. సంకేతాల్లో తప్పులు సరిదిద్దే గణితానికీ వీటితో దగ్గరి చుట్టరికం ఉంది.

2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్న ఆయన, అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. మన కళాశాలల అధ్యాపకులకు ఒక్క మనవి. ఆయన పేరును సూత్రం పక్కన రాసి వదిలేయకండి. ఆ పట్టికను పిల్లల చేత గీయించండి, మినుము చేను ఉదాహరణతోనే చెప్పండి.