బాపట్ల నుండి తెనాలికి: మా క్రొత్త కారు నేర్పిన పాఠము

యుద్ధమధ్యమున దశరథుని రథచక్రపు చీల ఊడిపోగా, ప్రక్కనున్న కైక తన వ్రేలిని ఇరుసునందుంచి రథము నిలిపినదని పెద్దలు చెప్పుకొను కథ సోదరీమణులందఱు వినియేయుందురు. చిన్ననాట మా నాయనగారు ఈ కథ చెప్పినప్పుడు నేను కైక సాహసమునకు మాత్రమే ఆశ్చర్యపడితిని. రాజునకు కనబడని చీల ఆమె కంటికెట్లు కనబడెనో ఆలోచింపలేదు. గత కార్తికమాసములో భట్టిప్రోలున మా కారు ప్రక్కన నిలువబడినప్పుడు ఆ సంగతి నాకు తోచినది.

మావారు ఉపాధ్యాయులు. మా కాపురము బాపట్లలో. బడి మాత్రము దూరపు పల్లెలో. అంతకు ముందటి విజయదశమికి కొంత పొదుపు, కొంత అప్పు కలిపి చిన్న కారొకటి కొంటిమి. భావనారాయణస్వామి కోవెల యెదుట పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి నడిపించితిమి. ఆనాటి తరువాత ఆ చక్రములవంక మరల చూచినవారు మాలో లేరు. సీటు కవర్లు కొంటిమి. తలుపులకు వెండిరంగు పట్టీలు వేయించితిమి. పాటల పెట్టె మార్పించితిమి. ఇవి చాలక మా మఱిది, “వదినా, ఈసారి అల్లాయ్ చక్రాలూ వెడల్పు టైర్లూ వేయిద్దాం. ముందు ఒక ఇనుప కమ్మీ పెడితే బండికి నిండుదనం వస్తుంది” అనెను. నేను నెలనెల దాచిన పండ్రెండు వేల రూపాయలు అందులకై తీసియుంచితిని.

కార్తిక పౌర్ణమినాడు తెల్లవారుజామున అత్తగారితోను పిల్లలిద్దఱితోను సూర్యలంకకు బయలుదేఱితిమి. బాపట్లకు సముద్రము సుమారు తొమ్మిది కిలోమీటర్లు. సరుగుడు చెట్ల సందున తూరుపు తెల్లవారుచుండగా స్త్రీలు తడిబట్టలతో దీపములు వదలుచుండిరి. మేమును స్నానమాడి, పిల్లల కాళ్ల ఇసుక దులిపి కారెక్కితిమి. ఉప్పుగాలి తగిలిన బండిని ఇంటికి చేరగానే మంచినీటితో అడుగుభాగముకూడ కడిగించవలెననియు, లేనియెడల ఇనుము త్వరగా త్రుప్పు పట్టుననియు మా కప్పటికి తెలియదు.

అక్కడినుండి కర్లపాలెము, చెరుకుపల్లి మీదుగా రేపల్లెకు పోతిమి. కృష్ణా డెల్టా యందము కార్తికములోనే చూడవలెను. ఇరువైపుల వరిచేలు పసుపుపచ్చగా తిరుగుచుండును. కాలువగట్లమీద కొంగలు బారులు తీరియుండును. ఆ నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగి, బీటలు వాఱును. కావున దానిమీద వేసిన దారి నిలుకడగా నుండుట కష్టము. దారిలో మావారు రెండు మూడు మార్లు, “బండి ఎడమకు లాగుతున్నది” అనిరి. దారి తప్పేయని నవ్వుకొంటిమి. ఆషాఢపు వానలలో ఆ చక్రమే లోతైన గుంటలో దభాలున పడిన సంగతి ఎవరికిని జ్ఞప్తికి రాలేదు.

ఆ రాత్రి రేపల్లెలో అత్తగారి అక్కగారింట నిలిచితిమి. సాయంకాలము పెనుమూడి వారధిమీదనుండి కృష్ణమ్మను చూచితిమి. మఱునాడు అత్తగారిని తెనాలిలో కంటివైద్యునకు చూపవలసి యుండెను. దారిలో భట్టిప్రోలు స్తూపమును పిల్లలకు చూపుదమని ఆగితిమి. రెండువేల యేండ్లకు పైబడిన బౌద్ధక్షేత్రమది. 1892లో అలెగ్జాండరు రీ అనునాయన అక్కడ త్రవ్వించగా ధాతువులుంచిన రాతి భరిణెలును, వానిపై బ్రాహ్మీలిపి శాసనములును బయల్పడినవి. తిరిగి వచ్చుసరికి కారు ముందరి ఎడమచక్రము గాలిపోయి నేలకంటుకొని యున్నది.

సమీపమున పంచరు కొట్టు పెట్టుకొన్న పెద్దాయన వచ్చి చక్రమూడదీసెను. మేకును చూపక, టైరు లోపలి అంచును మావైపు త్రిప్పి చూపెను. “అమ్మా, ఈ మేకు గుచ్చుకోవడం మీ అదృష్టం. ఇటు చూడండి” అనెను. వెలుపలి అంచు క్రొత్తదానివలె నున్నది. లోపలి అంచు నున్నగా అరిగి, దారములు బయటపడినవి. ఆయన తన అరచేయి టైరుపై నానించి, “నేలను తాకేది ఇంతేనమ్మా. బండీ, మనుషులూ, సామానూ అన్నీ ఇలాంటి నాలుగు అరచేతుల మీదే పోతాయి. ఈ అంచుతో కాలువగట్టు మీద వేగంగా పోతే…” అని ఆపివేసెను. నేను పిల్లలవంక చూచితిని. వారు అత్తగారి కొంగు పట్టుకొని జామకాయలు తినుచుండిరి. నా కాళ్లు వణకినవి.

స్టెప్నీ తీయగా అందులోను గాలి సగమే యున్నది. ఆయన దానిని నింపి బిగించగా మెల్లగా తెనాలి చేరి, అక్కడ ముందరి రెండు టైర్లును మార్పించి, చక్రముల వరుసను సరిచేయించితిమి. టైర్లకు ఎనిమిది వేల నాలుగువందలు, వరుసకును సమతూకమునకును ఏడువందలు, గాలి కొలుచు సాధనమునకును కారులోని విద్యుత్తుతో గాలి నింపు చిన్న పంపునకును రెండువేల మూడువందలు అయినవి. పని యగువఱకు అత్తగారికి కన్ను చూపించి, పిల్లలకు ఇనుపతుక్కు విగ్రహములు చూపితిమి. పాత వాహనముల పళ్లచక్రములతోను మరలతోను నిలువెత్తు విగ్రహములు చేయు శిల్పులకు తెనాలి పేరు పొందినది.

ఆనాడు తెలిసికొన్నదానిని తోటి గృహిణులకు చెప్పుచున్నాను. గాలి తక్కువైనచో టైరు రెండంచులును అరుగును. ఎక్కువైనచో నడుమ అరుగును. చక్రముల వరుస తప్పినచో ఒక్క అంచే అరుగును. అక్కడక్కడ గుంటలుగా అరిగినచో సమతూకమో, కుదుపు నాపు షాక్ అబ్జార్బర్లో చెడినవని అనుమానింపవలెను. స్టీరింగును పూర్తిగా ఒకవైపు త్రిప్పినచో ముందరి చక్రపు లోపలి అంచు కనబడును. టైరు చాళ్లలో అడుగున చిన్న గట్లుండును. పైభాగము అరిగి వానితో సమమైనచో లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదన్నమాట. అంతకు తగ్గిన టైరు చట్టవిరుద్ధము. ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును; 2324 అనిన 2024వ సంవత్సరపు 23వ వారమున చేసినదని యర్థము. సుమారు పదివేల కిలోమీటర్ల కొకమారు ముందరి చక్రములను వెనుకకును, వెనుకవానిని ముందునకును మార్పించినచో అరుగుదల సమముగా నుండును.

గాలి యెంత యుండవలెనో చాలకార్లలో డ్రైవరు తలుపు తెఱచిన చోట కాగితముపై నుండును. బండి చల్లగా నున్నప్పుడే కొలువవలెను. పరుగెత్తిన టైరులో వేడికి గాలియొత్తిడి పెరుగును. నైట్రోజను నింపించుటకై ప్రత్యేకముగా తిరుగ నక్కఱలేదు. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజను కలదు.

ఇక సొగసుల మాట. ముందరి ఇనుప కమ్మీని కేంద్రప్రభుత్వము 2017లో నిషేధించినది. ప్రమాదములో అది పాదచారులకును, లోపలివారికిని హాని చేయును. వెడల్పు టైర్లు ఇంధనమును ఎక్కువగా త్రాగును. సీటు ప్రక్కన ఎయిర్‌బ్యాగు గల బండికి దానిని మూసివేయు కవరు తొడుగరాదు. మా కవర్లు అట్టివే యని తెలిసి ఇంటికి రాగానే తీసివేసితిమి. రబ్బరు చాపలు, చక్రముల వెనుక బురద తెరలు, నిలిపినప్పుడు ముందరి అద్దమునకు ఎండతెర, ఒక ప్రథమచికిత్స పెట్టె: ఇవి తక్కువ ఖర్చుతో పనికివచ్చునవి. నా పండ్రెండు వేలలో మిగిలిన ఆరువందలకు రబ్బరు చాపలు కొంటిని.

ఇల్లు చేరిన పిమ్మట అరిగిన టైరును మఱిది చేతికిచ్చితిని. ఆతడు దారములమీద వ్రేలుంచి చాలసేపు మాటలాడలేదు. ఇప్పుడు ప్రతినెల మొదటి తేదీని, వాకిట ముగ్గు పెట్టకముందే, బండి యింకను చల్లగా నుండగా నేను గాలి కొలుతును. మా అమ్మాయి అంకె చదువును. స్టెప్నీతో కలిపి అయిదు అంకెలు. మఱిదియు ఆ వేళకు తన మోటారుసైకిలును తెచ్చి ప్రక్కన నిలుపుచున్నాడు.