సెకనును సరిచూచుట

వర్తకుడు సరకు తూచుటకు ముందు పడికట్టురాళ్లను సరిచూచుకొనవలెను. అవి తప్పైనచో తక్కెడ యెంత మెరసినను ప్రయోజనము లేదు. మా ప్రయోగశాలలోని ఎలక్ట్రానిక్సు బల్లకొఱకు విద్యార్థులతో గూడి ఫ్రీక్వెన్సీ కౌంటరును నిర్మించునపుడు ఈ సంగతి మాకు మిక్కిలి స్పష్టమయ్యెను.

విద్యుత్తరంగము సెకనునకు ఎన్ని మారులు కంపించునో దానిని పౌనఃపున్య మందురు. ఈ యంత్రములోని ద్వారము ఒక్క సెకనుకాలము తెఱచుకొనును; ఆ నడుమ దాటిన కంపనములను యంత్రము లెక్కించి చూపును. లెక్కలో ఒకటి హెచ్చుతగ్గు కావచ్చును. సెకనే తప్పైనచో సమస్తమును తప్పే.

సెకనుకొఱకు 10 మెగాహెర్ట్జుల క్వార్ట్జు స్ఫటికమును తీసికొని, దాని కంపనములను ఏడుమారులు పదేసిచేత భాగించితిమి. తెరపై ఎనిమిదంకెలు వెలుగగానే విద్యార్థులు పని ముగిసెననిరి. అంకెలు పెక్కు కనబడుట వేఱు, అవి నిజమగుట వేఱు అని మేము చెప్పితిమి.

1967లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ సీజియము-133 పరమాణువునకు సంబంధించిన 9,19,26,31,770 కంపనముల కాలమే సెకనని నిర్ణయించెను. జి.పి.ఎస్. ఉపగ్రహములలో పరమాణు గడియారములు కలవు. కావున చిన్న జి.పి.ఎస్. రిసీవరును తెచ్చి, అది సెకనునకొకటిగా నిచ్చు సంకేతములలో వరుసగా వచ్చు రెంటి నడుమ మా స్ఫటికపు కంపనములనే లెక్కించితిమి. 1,00,00,000 రావలసినచోట 1,00,00,112 వచ్చెను. అనగా దినమునకు సుమారొక సెకను భేదము. ట్రిమ్మరు అను చిన్న కెపాసిటరును మెల్లగా త్రిప్పి సరిచేసితిమి. మధ్యాహ్నపు వేడిమికి లెక్క మరల కొంత తొలగెను. వేడిని బట్టి స్ఫటికపు గతి మాఱును గదా! అందుచే దానిని మందమైన పెట్టెలో నుంచి, యంత్రము వెలిగించిన అరగంట తరువాతగాని కొలతలు వ్రాయరాదని నియమించితిమి.

పిమ్మట బల్లపైనున్న పాత సిగ్నల్ జనరేటరును పరీక్షింపగా, దాని ముల్లు 1,000 హెర్ట్జులవద్ద నుండెను; కౌంటరు 968 చూపెను. “మాస్టరుగారూ, రికార్డులో 1,000 అని వ్రాసినచో మార్కులు పోవు గదా?” అని యొక బాలుడు అడిగెను. చూచినదానినే వ్రాయుమంటిమి. వాడు 968 అని వ్రాసి, దాని ప్రక్కనే ముల్లు చూపిన సంఖ్యను గూడ వ్రాసెను. ఆ పుట మాకు మిక్కిలి సంతోషము కలిగించెను.

స్ఫటికము కాలక్రమమున గూడ మాఱును. కావున మూడు మాసముల కొకసారి విద్యార్థులే యంత్రమును సరిచూచి, ఆ తేదీని చీటిపై వ్రాసి పెట్టెకు అంటింతురు. ప్రయోగశాలకు విచ్చేయు తల్లిదండ్రులు వెలుగు అంకెలకంటె ముందుగా ఆ చీటిని చూడగోరుచున్నాము.