టేకు బద్దీలు, ఇనుప పట్టీలు

ముదినేపల్లిలోని మా పాత ఇంటికి వైరింగు మార్పించే పని ఈ వేసవిలో నా పాలబడింది. తాతగారి నాటి టేకు బద్దీలు, వాటిపై రేకు క్లిప్పులు. అడ్డంగా పోయే తీగకు పది సెంటీమీటర్లకొకటి, నిలువు తీగకు పదిహేనింటికొకటి. తీగల తొడుగు పెళుసెక్కింది గానీ ఒక్కటీ జారలేదు.

"పీకేసి ప్లాస్టిక్ కేసింగ్ అంటించేద్దామండీ, చూపులకు బాగుంటుంది" అన్నాడు కరెంటు పనివాడు.

నాకు ఇంగ్లండులోని రెండు బహుళ అంతస్తుల భవనాలు జ్ఞాపకం వచ్చాయి. 2005లో స్టీవనేజ్‌లోని హారో కోర్టు, 2010లో సౌతాంప్టన్‌లోని షర్లీ టవర్స్. మంటల వేడికి ప్లాస్టిక్ తొడుగులు కరిగి తీగలు ఊడి వేలాడాయి. అగ్నిమాపక సిబ్బంది వాటిలో చిక్కుకున్నారు. రెండు చోట్లా ఇద్దరేసి సిబ్బంది మరణించారు. భవనమంతటా తీగలకు నిప్పును తట్టుకునే ఆధారాలుండాలని 2018లో అక్కడి నిబంధనలు మారాయి.

"మనది మేడ కాదు కదండీ!"

నిజమే. కానీ అమ్మ గది నుండి వీధి గుమ్మానికి ఉన్నది ఒక్కటే నడవ. ఆమెకు ఎనభై దాటాయి, చేతిలో కర్ర. పొగలో ఆ నడవకు అడ్డంగా తీగలు వేలాడడం నేను ఊహించుకోలేకపోయాను.

కేసింగ్ లోపల ఇనుప పట్టీలు కూడా బిగించమన్నాను. "మీ డబ్బులండీ" అని నవ్వాడు. మా కొల్లేటి గాలికి తుప్పు పట్టనివి కావాలంటే గుడివాడ వెళ్ళవలసివచ్చింది.

పీకిన బద్దీలను అమ్మ పారవేయనివ్వలేదు. పెరట్లో బీరపాదుకు పందిరి వేయించింది.