రెండు బిందెల నీళ్ళు

మా ముందుగదిలో టీపాయ్ తీసేసి, ఆ స్థలంలో ఒక పంచింగ్ బ్యాగ్ వేలాడదీశాను. తెలుగులో దానికి సరైన మాట లేదు. గుద్దుల సంచీ అనొచ్చేమో. నాది ఇసుకా గుడ్డపీలికలూ కూరినది కాదు, నీళ్ళు నింపినది. గుండ్రంగా, నల్లగా, నా గడ్డం ఎత్తున వేలాడుతుంటుంది. మొదటి రోజు దాన్ని చూసి మా ఇంట్లో పనిచేసే ఆమె, "గిదేంది మేడమ్, దిష్టి గుమ్మడికాయ ఇంట్ల కట్టిన్రు?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆలోచిస్తే ఆమె అన్నది మరీ తప్పేం కాదనీ అనిపించింది.

యాభై నాలుగేళ్ళ వయసులో, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకునే ఆడదానికి ఇదేం పిచ్చి అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. 2022 మేలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు టీవీ ముందు కూచుని ఆ పోటీ చూశాను. ఆమె గెలుపు సరే, నన్ను కట్టిపడేసింది ఆమె చేతులు. కొట్టిన చెయ్యి కొట్టినట్టే వెనక్కి వచ్చి మళ్ళీ ముఖానికి కాపలాగా నిలబడుతోంది. దెబ్బ పడుతున్నప్పుడు చేతులతో ముఖం కప్పుకోవడం నాకు బాగా తెలుసు. ఆ కప్పుకున్న చేతుల్లోంచే మళ్ళీ ఒక దెబ్బ బయల్దేరవచ్చని మాత్రం ఎన్నడూ తోచలేదు. 2012 లండన్ పోటీల దాకా ఒలింపిక్స్ పతకాల పట్టికలో ఆడవాళ్ళ బాక్సింగే లేదు. ఆ ఏడాదే మేరీ కోమ్ కంచు పతకం తెచ్చింది. ఆడవాళ్ళు దెబ్బలు తినడానికి మాత్రం ఏ కమిటీ అనుమతీ అక్కర్లేకపోయింది.

నా కుడి మణికట్టు 1998లో విరిగింది. కొంచెం వంకరగానే అతుక్కుంది. చలికాలంలో బోర్డు మీద రాస్తుంటే సలుపుతుంది. అందుకని సంచీ కొనేముందు ఎక్స్‌రే తీయించుకుని, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళుంటాయేమో. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ, "ఎలా విరిగిందండీ?" అని మామూలుగా అడిగింది.

"బాత్రూంలో జారిపడ్డాను" అన్నాను.

నోరు దానంతటదే అనేసింది. ఇన్నేళ్ళుగా అలవాటైన మాట. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంటోంది. అది చూస్తూ కూచున్నాను. ఆ కాగితం మీద కూడా అబద్ధమే ఎక్కుతోంది. ఒక చెయ్యిని బాగుచేసుకోవడానికి వచ్చి, ఆ చెయ్యి గురించి మళ్ళీ అబద్ధం చెబుతున్నాను. "కాదమ్మా, మా ఆయన నెట్టితే గడప మీద పడ్డాను. చెయ్యి ఆనించాను, విరిగింది" అన్నాను. ఆ అమ్మాయి కలం ఆపి నా ముఖంలోకి చూసింది. రాసింది కొట్టేసి మళ్ళీ రాసింది. అంతే. ఆకాశం విరిగిపడలేదు. బయట బెంచీ మీద నంబరు కోసం ఎదురుచూసేవాళ్ళు అలాగే ఎదురుచూస్తున్నారు.

నీళ్ళ సంచీ తీసుకోమని చెప్పింది ఆ అమ్మాయే. ఇసుక కొన్నాళ్ళకి అడుక్కి దిగి రాయిలా గట్టిపడుతుందట. పైన మెత్తగా, కింద గోడలా ఉంటుంది. ఆ గట్టిచోట తగిలితే అదురంతా మణికట్టుకే. నీళ్ళు అలా కాదు. గుద్దిన చోటు నుంచి పక్కకి జరిగి దెబ్బని ఒళ్ళంతా పంచుకుంటాయి. ఎక్కడ కొట్టినా ఒకేలా ఉంటుంది. మనిషి ఒంటిని కొట్టినట్టే ఉంటుందని కూడా అంది. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది.

కోఠీ వైపు ఆటసామాన్ల షాపుకి వెళితే, ఆయన నన్ను చూసి మొదట అడిగిన మాట, "బాబుకా మేడమ్?" అని. "నాకే" అన్నాను. ఒక్క క్షణం తడబడి, "వెయిట్ తగ్గడానికా?" అన్నాడు. ఆడవాళ్ళు ఏం చేసినా పిల్లల కోసమో, సన్నబడడం కోసమో చెయ్యాలి కదా! ముందు ఆయన చూపించింది నేల మీద నిలబడే రకం. అందులో నీళ్ళు పోసేది అడుగున ఉండే పీటలో, బరువు కోసం. పైన గుద్దేదంతా స్పాంజే. నాకు కావలసింది అది కాదు, సంచీ నిండా నీళ్ళుండే గుండ్రటిది. అవి రెండు సైజులున్నాయి, అడ్డంగా 15 అంగుళాలు, 18 అంగుళాలు. బరువెంతుంటుందని అడిగితే ఆయనకు తెలియదు. లెక్కల టీచర్ని కాబట్టి అక్కడే బిల్లు కాగితం వెనక గోళం ఘనపరిమాణం కట్టాను. నీళ్ళు లీటరుకి కిలో. 15 అంగుళాలది 29 కిలోలు, 18 అంగుళాలది 50 కిలోలు తేలింది.

యాభై కిలోలు. పెళ్ళినాడు నేను అంతే ఉన్నాను. ఆ అంకె కేసి కాసేపు చూసి, చిన్నదే ఇవ్వమన్నాను.

వేలాడదీయడం ఒక పెద్ద పని అయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యాను కొక్కేనికి తగిలించేద్దాం అన్నాడు. కింది ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ ఇంజనీరు గారు వద్దేవద్దన్నారు. ఫ్యాను బరువు నాలుగైదు కిలోలు, ఇది 29. పైగా దీన్ని కొడతారు, ఊగుతుంది. ఊగేటప్పుడు కొక్కెం మీద పడే లాగుడు ఊరికే వేలాడే బరువు కంటే ఎక్కువ. ఆయనే పైకొచ్చి స్లాబుకి నాలుగు చోట్ల గుర్తులు పెట్టించి, యాంకర్ బోల్టులతో ఇనుప ప్లేటు బిగించేలా చూశారు. మధ్యలో ఒక స్ప్రింగు పెట్టిస్తే అదురు తమ ఇంట్లోకి రాదని సలహా కూడా చెప్పారు. వెళ్ళేటప్పుడు, "ఎవర్ని కొట్టడానికమ్మా ఇదంతా?" అని నవ్వారు. మంచి మనిషే. ఆ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది.

ఖాళీ సంచీని తగిలించి, బాత్రూం కుళాయి నుంచి పైపు లాగి పైనున్న మూతిలోంచి నింపాను. మొదటిసారి గాలి తీయలేదు. కొడితే లోపల గుడగుడమని శబ్దం, దెబ్బ ఒకచోట, ఊపు ఒకచోట. మూతి తెరిచి, రెండు చేతులా నొక్కి గాలంతా పోయేలా చేసి మళ్ళీ నింపాను. ఈసారి అత్యాశకి పోయి ఎక్కువ నింపితే మూతి దగ్గర కారింది. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి, అదీ కొలత. చేతికి చుట్టుకునే పట్టీ పొడవు 180 అంగుళాలు, అంటే నాలుగున్నర మీటర్లు. చీర కంటే ఒక మీటరు తక్కువ. కుచ్చిళ్ళు పెట్టుకోవడం వచ్చిన చేతులకి దాన్ని చుట్టుకోవడం కష్టమేం కాలేదు. ముందు బొటనవేలికి ఉంగరంలా తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, తర్వాత పిడికిలి ఎముకల మీదుగా, వేళ్ళ మధ్యగా. దాని మీద గ్లవ్స్.

అసలు కష్టం పిడికిలి బిగించడం దగ్గర వచ్చింది. చిన్నపిల్లలు చిల్లర దాచుకున్నట్టు బొటనవేలిని లోపలికి పెట్టి మూస్తున్నాను. అలా కొడితే ఆ వేలు విరుగుతుంది. అది బయట, వేళ్ళ మీదుగా ఉండాలి. మణికట్టు వంగకూడదు. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ళలోని ఎముకలే సంచీని తాకాలి. యాభై నాలుగేళ్ళు బతికి, ఎమ్మెస్సీ చదివి, నాకు పిడికిలి పట్టడం రాదు! ఊరేగింపుల్లో పిడికిలెత్తి నినాదాలిచ్చాను. అప్పుడు కూడా బొటనవేలు లోపలే ఉండి ఉంటుంది.

మొదటి వారం రోజులు, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేం లేదు, ఆ సంచీలో ఆయన ముఖమే చూశాను. ఒక్కో దెబ్బకీ ఒక్కో సంవత్సరం గుర్తు తెచ్చుకుని కొట్టాను. గొప్ప విముక్తి కలుగుతుందనుకున్నాను. కలగలేదు. రాత్రుళ్ళు నిద్ర పోయింది. కాలేజీలో పిల్లల మీద అరిచాను. ఎప్పుడో మర్చిపోయాననుకున్న గదులు, ఆ గోడల రంగులతో సహా తిరిగొచ్చాయి. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయికి ఫోనులో చెబితే ఒక పరిశోధన గురించి చదివి వినిపించింది. 2002లో అమెరికాలో బ్రాడ్ బుష్మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాలేజీ విద్యార్థులకు కోపం తెప్పించి, పంచింగ్ బ్యాగ్‌ని కొట్టించాడట. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ కొట్టినవాళ్ళ కోపం తగ్గలేదు సరికదా, పెరిగింది. కోపాన్ని కక్కేస్తే పోతుందని మనం అనుకుంటాం. తలుచుకుని కక్కితే మళ్ళీ వండుకున్నట్టే.

అప్పట్నుంచి ఆయన్ని ఆ సంచీలోంచి తీసేశాను. 2007లోనే, గృహహింస చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాదే, ఇంట్లోంచి తీసేసినవాణ్ణి మళ్ళీ నేనే ముందుగదిలో వేలాడదీసుకోవడమేమిటి? ఇప్పుడు కొట్టేటప్పుడు అంకెలు లెక్కపెడతాను. ఎడమ కాలు ముందుకి, మోకాళ్ళు కొంచెం వంచి, దెబ్బతో పాటు ఊపిరి వదిలి. ఒకటి, రెండు, ఒకటి, రెండు. మూడు నిమిషాలు కొట్టడం, ఒక నిమిషం ఆగడం. అలా మూడుసార్లు. పాదంలోంచి కదిలిన బలం తుంటిని తిప్పుకుంటూ భుజం మీదుగా వచ్చి పిడికిలిలోంచి బయటికి పోవడం ఎంత బాగుంటుందో! ఆ బలం ఇన్నాళ్ళూ ఎక్కడుందీ అనుకుంటాను. రుబ్బురోల్లో, బిందెల్లో, పిండికట్టులో...

ఈ సంచీతో పితృస్వామ్యం కూలుతుందని నేననుకోవడం లేదు. కోపాన్ని వీధిలోంచి తీసుకొచ్చి ముందుగదిలో స్ప్రింగుకి వేలాడదీశామా అన్న అనుమానం నాకూ ఉంది. ఒకరోజు మా పనామె గిన్నెలు తోమడం అయ్యాక చెయ్యి తుడుచుకుని, "నేనొక్కటి కొట్టాల్నా మేడమ్?" అంది. పట్టీ చుట్టి గ్లవ్స్ తొడిగాను. ఆమె మొదటి దెబ్బకే సంచీ నాకన్నా దూరం ఊగింది. నాలుగైదు కొట్టి ఆగి, పైన ప్లేటుకేసి చూసి, "మా ఇంట్ల కట్టుకుందామంటే స్లాబు లేదు, రేకులే" అంది నవ్వుతూ. ఆ నవ్వుకి నా దగ్గర జవాబు లేదు. కట్టుకోవడానికి గట్టి కప్పు ఉండడమూ ఒక ఆస్తే. ఇప్పుడు వారానికి రెండు రోజులు పని అయ్యాక ఆమె కొడుతుంది. ఆ పదినిమిషాలు ఆమె జీతం లోవే.

దసరాకి మా అమ్మ వచ్చింది. ఆమెకిప్పుడు డెబ్భై ఎనిమిది. సంచీ చుట్టూ ఒకసారి తిరిగి, లోపల ఏముందని అడిగింది. నీళ్ళన్నాను. ఎన్నంది. రెండు బిందెలన్నాను. "రెండు బిందెల నీళ్ళు ఊరికే వేలాడగట్టావా!" అని నోటి మీద చెయ్యేసుకుంది. పదేళ్ళప్పట్నుంచీ చెరువు నుంచి నీళ్ళు మోసిన మనిషి. ఒకటి నెత్తిన, ఒకటి చంకన. పారబోసేటప్పుడు మొక్కలకే పోస్తాలే అంటే కొంచెం కుదుటపడింది. తర్వాత ఇంజనీరు గారి ప్రశ్నే అడిగింది. "ఎవర్ని కొడతావే దీన్ని పెట్టుకుని?"

"ఎవర్నీ కాదమ్మా."

రెండు రోజులు నేను కొడుతుంటే వంటింటి గుమ్మంలోంచి చూసింది. మూడో రోజు పట్టీ చుట్టుకుంటుంటే వచ్చి పక్కన కూచుని, నా కుడి మణికట్టు మీద చెయ్యి వేసింది. ఆ వంకర ఎక్కడుందో ఆమె వేళ్ళకి వెతకకుండానే తెలిసింది.

"ఆస్పత్రిలో బాత్రూం అన్నది నేనే కదే" అంది.

అవును. డాక్టరు అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే అన్నది అమ్మే. ఇంటికొచ్చాక సర్దుకుపొమ్మన్నదీ అమ్మే. పాతికేళ్ళు దాటాయి, ఆమె గానీ నేను గానీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు, "పోనీలే అమ్మా" అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే అది కూడా బాత్రూం లాంటి మాటే అవుతుంది. "అవునమ్మా, నువ్వే" అన్నాను. ఆమె తల ఊపింది. చెయ్యి తియ్యలేదు. నాన్న సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాళ్ళింట్లో ఏ బాత్రూమూ లేకుండానే ఆమె ఎన్నిసార్లు జారిపడిందో మా ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు నుంచీ గోడగడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని, మూడు నిమిషాలు చూసే పని అమ్మ తీసుకుంది. ఎన్నిసార్లు చెప్పినా రెండు నిమిషాలకే చెయ్యెత్తి, "చాలు, ఇంక ఆపు" అంటుంది. ఇంకా అవలేదమ్మా అంటే వినదు. గట్టిగా, గది దద్దరిల్లేలా అంటుంది.

ఆ గొంతు అమ్మకి ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.