అలుగుకో వయసు, ఒరకో వయసు

మధ్య జావాలో లావు పర్వతం పడమటి వాలు మీద, దాదాపు 900 మీటర్ల ఎత్తున, సుకుహ్ గుడి ఉంది. 15వ శతాబ్దపు కట్టడం. అక్కడి ఒక రాతిపలక దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు. ఎడమ పక్క భీముడు కమ్మరిగా ఇనుము సాగగొడుతున్నాడు. నడుమ ఒంటికాలెత్తి గణపతి. కుడి పక్క నిలువు గొట్టాల్లో గుంజలాడిస్తూ కొలిమికి గాలి కొడుతున్నది అర్జునుడని చెబుతారు. గద పట్టిన భీముణ్ణే ఎరిగినదాన్ని, కొలిమి దగ్గర చూసి ఒళ్లు పులకరించింది.

ఇలాంటి కొలిముల్లో పుట్టే కెరిస్ బాకు జావాలో పూజావస్తువు, వంశపు ఆస్తి. అందుకే దాని వయసు నిర్ణయించడం అక్కడ ఒక విద్య. పేరు తంగుహ్. దాన్ని దగ్గరగా చూద్దామనే కొండ దిగి సోలో నగరం చేరాను.

త్రివిందు బజారులో ప్రతి దుకాణందారూ తన దగ్గరున్నది మజపహిత్ రాజుల కాలానిదే అంటాడు. వాళ్లను దాటి, ఈ విద్యలో తలపండిన ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఓ యువకుడు తాతగారి కెరిస్ తెచ్చాడు. పెద్దాయన దాన్ని నుదుటికి తాకించుకుని, ఒర తీసి పక్కన పెట్టేశారు. ఒరలూ పిడులూ తరానికొకసారి మారతాయి కాబట్టి వాటినిబట్టి అలుగు వయసు చెప్పడానికి లేదు. గోటితో అలుగును మీటి, ఆ మోత విన్నారు. పిడి ఊడదీసి వెలుతురుకెత్తి పట్టారు. అలుగు మొదట్లో అడ్డంగా కూర్చే గంజ అనే ముక్కకూ, అలుగుకూ మధ్య సన్నని వెలుగు గీత కనిపించింది.

"గంజ మార్చారు, మస్," అన్నారు ఆ యువకుడితో.

తర్వాత నా చేతికి భూతద్దమిచ్చి వంపులు చూడమన్నారు. మన కోనసముద్రం ఉక్కులో అల్లిక మూసలో చల్లారే లోహం లోపలే పుట్టేది. కెరిస్ మీది పామోర్ అనే అల్లిక అలా కాదు, ఇనుమునూ నికెల్ ఉన్న లోహాన్నీ పొరలుగా మడిచి కొడితే వచ్చేది. ప్రంబానన్ దగ్గర పడిన ఉల్కను 1797లో సోలో రాజభవనానికి తరలించి, ఆ లోహాన్నీ పామోర్‌కు వాడారు. కొలిమిలో వంచిన అలుగైతే పామోర్ గీతలు వంపు వెంటే తిరుగుతాయి. ఇక్కడ మాత్రం తిన్నగా సాగి అంచు దగ్గర పుటుక్కున తెగిపోయాయి. అంటే తిన్నని అలుగును ఆకురాయితో అరగదీసి వంపులు తెచ్చారన్నమాట. వంపుల కెరిస్‌కు ధర ఎక్కువ పలుకుతుందని చేసిన పని. మంచి కమ్మరి చేతిపనిని అలా రాకేయడం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

మార్పులన్నీ మోసాలు కావు. 1627లో పాతి తిరుగుబాటును అణచిన వీరుల కెరిస్‌లకు సుల్తాన్ అగుంగ్ ఏనుగు, సింహం బొమ్మలతో బంగారు నగిషీ చేయించాడని జావావాళ్లు చెప్పుకుంటారు. అది ఆ బాకు చరిత్రలో భాగం, చెరపకూడదు. భక్తితో చేసే కడుగుడు కూడా అలుగును మారుస్తుంది. ఏటా సూరో మాసంలో నిమ్మరసంతో తుప్పు వదిలించి, ఆర్సెనిక్ ఉన్న వారంగాన్ పట్టిస్తారు. ఇనుము నల్లబడి పామోర్ తెల్లగా మెరుస్తుంది. కాని తుప్పుతో పాటు ఇనుమూ కొంత పోతుంది. తరాల తరబడి కడిగిన అలుగుల అంచులు ఎలుక కొరికినట్టుంటాయి. నన్నడిగితే దొంగ నగిషీ కంటే ఈ అరుగుదలే పెద్ద నష్టం, పోయిన ఇనుము ఎవరూ తిరిగి తేలేరు.

యువకుడి బాకు మీది బంగారం కూడా కొత్తదేనని తేలింది. "పీకించెయ్యనా, పాక్?" అని అడిగాడు.

"వద్దు. దాంతో పాటు ఇనుమూ లేస్తుంది. అలుగు మటుకు పాతదే, మీ తాతగారు అబద్ధం చెప్పలేదు. గంజ, వంపులు, బంగారం తర్వాతివని కాగితం మీద రాసి ఒరతో పాటు దాచు. ఈ సూరోకి నిమ్మరసం ముట్టించకు, నూనె రాస్తే చాలు," అన్నారు పెద్దాయన.