అంకుడేరా, ఒప్పుకున్నాను

ఒరేయ్,

నీకు పూతరేకులు బాకీ పడ్డాను. ఏ పందెం అని అడక్కు, మర్చిపోయేవాడివి కావు. మారేడుమిల్లి ఘాట్లో జీపు ఆగినచోట తెల్లపూల చెట్టును చూసి నేను కొడిసెపాల అంటే నువ్వు అంకుడన్నావు. ఆకు గిల్లితే పాలు కారాయి, ఆకులు జంటజంటలుగా ఉన్నాయి, ఇంకేం కావాలిరా అని రాజమండ్రి వచ్చేదాకా గొంతు చించుకున్నాను. చించుకున్నవాడిదే గెలుపని నా నమ్మకం, నీకు తెలిసిందేగా.

ఇక్కడ విశేషాలేం లేవు. గోష్పాదం మెట్ల మీద నీ చోటు ఖాళీగానే ఉంది. 2022లో జిల్లా మారి, గోదావరి దాటకుండానే తూర్పు గోదావరి వాళ్ళమైపోయాం.

అన్నట్టు, ఆ చెట్టు సంగతి. మొన్న మనవరాలితో మళ్ళీ వెళ్ళాను. అది పువ్వొకటి అరచేతిలో పెట్టుకుని, "తాతా, మధ్యలో కుచ్చుంది" అంది. నిజమే. నూలుపోగుల్లాంటి తెల్లటి కుచ్చు, అందులోంచి కేసరాలన్నీ ఒక్కటై పిట్టముక్కులా పొడుచుకొచ్చాయి. కొడిసెపువ్వుకు ఆ కుచ్చేదీ? దాని కేసరాలు గొట్టంలోనే దాక్కుంటాయి. పైగా ఇక్కడ లేతకాయలు రెండేసి వేలాడుతూ, కొసల దగ్గర అతుక్కుని ఉన్నాయి. కొడిసెకు జంట కాయలే గానీ విడివిడిగా ఉంటాయి. ఇంక నోరు మూసుకున్నాను.

పూర్తిగా కాదులే. సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలు పరిశీలించిన రాక్స్‌బర్గ్ దొర కూడా దీన్ని గన్నేరు జాతిలోనే కలిపేశాడు. ఆకుల నుంచి నీలిమందు తీయొచ్చని కనిపెట్టినవాడికే అలా అయితే నేనెంత? రాబర్ట్ బ్రౌన్ తరవాత రైటియా అని వేరు చేశాడు. ఆ రోజుల్లో జాతుల గీతలే వేరు, అది పొరపాటెలా అవుతుందంటావు. అంటావని తెలుసు.

మందు విషయంలో మాత్రం నవ్వులాట కాదు. కుటజారిష్టంలో వేసేది కొడిసె పట్ట. దాని గింజ చేదు, అంకుడు గింజ అంత చేదుండదు. నాలాంటివాడు అడవికెళ్ళి పట్ట తెస్తే రోగి గతేంటి?

అసలు సిగ్గుపడాల్సింది ఇంటికొచ్చాక. మనవరాలి ఏటికొప్పాక లక్కబొమ్మ మంచం కింద దొరికింది. ఏటికొప్పాక వాళ్ళు బొమ్మలు చేసేది ఏ కర్రతో? అంకుడు కర్రతోనే! నాలుగేళ్ళుగా కాళ్ళకు తగులుతూనే ఉందిరా.

అన్నానుగా, బాకీ అని. ఆత్రేయపురం నుంచి పది పూతరేకులు తెప్పించాను. నువ్వొచ్చేసరికి ఎనిమిదే ఉంటే లెక్క అడక్కు.

నీ
కొడిసెపాల గాడు