ఒక్కో ఫొటో ఎంతసేపు?



ఈ మధ్య మన యవ్వనస్థులు నన్ను ఎక్కువగా అడుగుతున్నది వాక్యంలో సందేహాలు కాదు. "అయ్యగారూ, కంప్యూటర్‌లో ఫొటోలు వరసగా వచ్చేటట్టు పెట్టాం గానీ మరీ గబగబా మారిపోతున్నాయి, కాస్త నిలబెట్టడం ఎలా?" అని. పెళ్లికి ఒకరు అడిగారు, ఆదరణ కూడికకు ఒకరు అడిగారు, గల్ఫ్‌లో ఉండి ఇక్కడ అమ్మానాన్నల పెళ్లిరోజుకు తయారుచేస్తూ ఒకరు అర్ధరాత్రి ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే అందరికీ ఉంటుందని ఇది రాస్తున్నాను.

ఎక్కడ నొక్కాలో చెప్పడం రెండు నిమిషాల పని. కిందనే చెబుతాను. ఎన్ని సెకన్లు పెట్టాలన్నదే అసలు సంగతి. అది కంప్యూటర్‌కు తెలియదు, మనమే చెప్పాలి.

మొన్న వేసవిలో మన సంఘంలో ఒక పెద్దామె ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ కుటుంబాన్ని అడిగే ఇది రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను. ఆదరణ కూడికకు మనవడు హైదరాబాదు నుంచి వీడియో చేసి తెచ్చాడు. మంచి పిల్లాడు, రెండు రాత్రులు కూర్చుని చేశాడు. బంధువులందరి ఫోన్ల నుంచీ 180 ఫొటోలు వచ్చిపడ్డాయి. పాట 6 నిమిషాలు. ఎవరి ఫొటో తీసేసినా మాటొస్తుందని ఏదీ వదల్లేక 360 సెకన్లను 180తో భాగించాడు. ఒక్కోదానికి 2 సెకన్లు. లెక్కలో తప్పేం లేదు. ఫోన్‌లో వేలితో తోసుకుంటూ చూడడం అలవాటైన పిల్లలకు ఆ రెండు సెకన్లు చాలాయి కూడా.

ముందు వరసలో ఆవిడ భర్త, తాతగారు కూర్చున్నారు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా కాలేదు. తెర మీద బొమ్మ పడగానే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూపు కుదుర్చుకునేవారు. కుదిరేసరికి ఇంకో బొమ్మ. అలా ఒక పది చూసి చెయ్యి దించేశారు. మిగతా పాటంతా నేల చూస్తూ కూర్చున్నారు. దుఃఖంలో ఉన్నారని అందరూ అనుకున్నారు. నేను పక్కనే ఉన్నాను గనుక నాకు వినబడింది. "ఆగమనండి అయ్యగారూ, దాన్ని ఆగమనండి" అంటున్నారు.

రాత్రి భోజనాలయ్యాక వాళ్ల అరుగు మీద స్టూలు వేసి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టించాను. వీడియో వద్దు, విడి ఫొటోలే పెట్టమన్నాను. తాతగారు "ఊఁ" అన్నప్పుడే మనవడు మీట నొక్కాలి. కొన్ని ఫొటోలకు వెంటనే "ఊఁ" అన్నారు. పుట్టినరోజు కేకులూ, ఈ మధ్య తీసుకున్న సెల్ఫీలూ అయితే మరీ తొందరగా. ఒక దగ్గర ఆగిపోయారు. నలుపు తెలుపు ఫొటో, మూలలు చిరిగింది. పాత పెంకుటింటి ముందు ఆవిడ చంకలో బిడ్డతో నిలబడి ఉంది.

"చంకలో ఉన్నది అమ్మేనా తాతయ్యా?" అన్నాడు మనవడు.

"కాదురా. మీ అమ్మ అప్పటికి పుట్టలేదు. అది మీ పెద్దమ్మ. మూడో ఏట తట్టు పోసి పోయింది."

ఆయన ఆ బిడ్డ పేరు చెప్పారు. వాకిట్లో గిన్నెలు తోముతున్న కూతురు తడి చేతులతోనే వచ్చి నిలబడింది. తనకంటే ముందు ఒక బిడ్డ పోయిందని ఆమెకు తెలుసు. ఆ ఫొటో కూడా చిన్నప్పటి నుంచీ పెట్టెలో చూస్తూనే ఉంది. అందులో ఉన్నది తనే అనుకుంది. తల్లి ఏనాడూ అవుననలేదు, కాదనలేదు. యాభై ఏళ్లు దాటిన మనిషి ఆ రాత్రి మొదటిసారి అక్క ముఖం చూసింది. ఆ ఒక్క ఫొటో దగ్గర పావుగంట పట్టింది. పొద్దున వీడియోలో అది కూడా అందరి ముందు నుంచీ వెళ్లింది, 2 సెకన్లు.

పూర్వం ఈ తొందర లేదు. కెమెరాలో రీలు వేస్తే 36 ఫొటోలు, అంతే. ఒక్కో నొక్కుడుకూ డబ్బు లెక్క ఉండేది. ఫొటోలను గోడ మీద చూపించడానికి కొడాక్ కంపెనీ 1961లో కారొసెల్ అనే ప్రొజెక్టరు తెచ్చింది. గుండ్రటి పళ్లెంలో 80 స్లయిడ్లు పట్టేవి. ఒక్కోటీ టక్కుమని చప్పుడు చేస్తూ కిందికి దిగేది. వాటంతట అవే మారే ఏర్పాటు కొన్ని మోడళ్లకు ఉన్నా, చాలామంది చేతిలో మీట పట్టుకుని, కథ చెప్పడం అయ్యాకే తరువాతది వేసేవారు. 2004లో ఆ ప్రొజెక్టర్ల తయారీ ఆగిపోయింది. ఇంకో సంగతి. జపాన్‌లో 2003లో పెచకుచ అని ఒక పద్ధతి మొదలైంది. మాట్లాడేవాడికి 20 స్లయిడ్లు, ఒక్కోటి సరిగ్గా 20 సెకన్లు, అంతకు మించి ఒక్క క్షణం ఇవ్వరు. అది ఎక్కువ మాట్లాడేవాళ్లకు కళ్లెం వేయడానికి పెట్టిన నియమం (మా పాస్టర్లకూ పెడితే బాగుండునని మీలో కొందరు అనుకుంటారని తెలుసు). అలాంటి చోట కూడా ఒక బొమ్మకు 20 సెకన్లు దొరుకుతున్నాయి చూడండి.

ఇక పని సంగతి. పవర్‌పాయింట్ తెరిచి ఇన్సర్ట్‌లో ఫొటో ఆల్బమ్ తీసుకుంటే, ఎంచుకున్న ఫొటోలన్నీ ఒక్కో స్లయిడ్‌కు ఒక్కోటిగా వచ్చేస్తాయి. తరువాత పైన ట్రాన్సిషన్స్ నొక్కండి. కుడి చివర ఆఫ్టర్ అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టి 00:10.00 అని వేస్తే పది సెకన్లు. మొదటి రెండు అంకెలు నిమిషాలు, తరువాతవి సెకన్లు. అప్లై టు ఆల్ నొక్కితే అన్నిటికీ అదే పడుతుంది. పైనున్న ఆన్ మౌస్ క్లిక్ టిక్ తీసేయకండి, అవసరమైతే చేత్తో ముందుకు జరుపుకోవచ్చు. షో నడుస్తుండగా ఎస్ అక్షరం నొక్కితే బొమ్మ నిలబడిపోతుంది, మళ్లీ నొక్కితే కదులుతుంది. మందిరంలో ల్యాప్‌టాప్ దగ్గర కూర్చునే పిల్లలు ఇంకేం మరిచిపోయినా ఈ ఎస్ మరవద్దు. పవర్‌పాయింట్ కొనలేనివాళ్లకు లిబ్రేఆఫీస్ ఇంప్రెస్ ఉచితం. అందులోనూ స్లయిడ్ ట్రాన్సిషన్ దగ్గర ఇలాగే సెకన్లు వేసుకోవచ్చు. విండోస్‌లో వచ్చే పాత ఫొటో వ్యూయర్‌లో మాత్రం నెమ్మది, మధ్యస్థం, వేగం అని మూడే ఉంటాయి, మన అంకె వేయడం కుదరదు.

వీడియోగా మార్చి తేవద్దు. మార్చాక ఆ సెకన్లు బిగిసిపోతాయి. మీరు సమయం ఇవ్వని స్లయిడ్లకు పవర్‌పాయింట్ తనంతట తానే 5 సెకన్లు వేసి వీడియో చేస్తుంది. అసలు ఫైలే పెన్‌డ్రైవ్‌లో తెండి.

ఎన్ని సెకన్లు అంటే, నా లెక్క ఇది. ఒక్క ముఖమే ఉంటే 6 లేక 7 చాలు. కుటుంబమైతే 10. పదిమందికి పైన నిలబడిన గ్రూపు ఫొటోకు 20కి తగ్గవద్దు, ఎందుకంటే చూసేవాళ్లు ఈ చివర నుంచి ఆ చివరకు పేర్లు చెప్పుకుంటూ పోతారు. రాత ఉంటే, అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి చేత రెండుసార్లు పైకి చదివించి ఆ సమయం పెట్టండి. సగటున 10 అనుకుంటే 5 నిమిషాల పాటకు 30 ఫొటోలు పడతాయి. మిగతా 150 ఏం చేయాలంటారా? ఇంట్లో ఉంచుకోండి, అరుగు మీద చూసుకోండి. పాట ముందే అయిపోతే అయిపోనివ్వండి. ఆఖరి ఫొటోలు నాలుగు మౌనంగా వెళ్తే ఎవరికీ నష్టం లేదు.

ఇంతకంటే మంచి దారి ఇంకొకటి ఉంది. స్లయిడ్ షోలో రిహార్స్ టైమింగ్స్ అని ఉంటుంది. అది నొక్కి, పక్కన ఆ ఇంటి పెద్దావిడనో పెద్దాయననో కూర్చోబెట్టుకోండి. వాళ్లు "చాలు" అన్నప్పుడు నొక్కండి. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగారో కంప్యూటర్ రాసుకుంటుంది. చివర్లో ఉంచమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పండి. కూడికలో అదే నడకతో నడుస్తుంది.

ఒక్క ఫొటో మాత్రమే ఉన్న ఇళ్లు మన సంఘంలో ఇంకా ఉన్నాయి. కూలికి వెళ్లే ఒక చెల్లెలు పోయినప్పుడు వాళ్ల దగ్గర దొరికింది ఆధార్ కార్డు మీది ముఖం ఒక్కటే. పిల్లలు సిగ్గుపడ్డారు, వద్దులెండి అయ్యగారూ అన్నారు. పెట్టించాం. గోడంత చేసి, కూడిక మొదటి నుంచి చివరి దాకా అదొక్కటే. కాకపోతే ల్యాప్‌టాప్ కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర ఆపేసుకుంటుంది. సాక్ష్యం మధ్యలో అమ్మ ముఖం ఆరిపోతే ఆ పిల్లలు ఏమైపోతారు? అందుకని ముందే సెట్టింగ్స్‌లో పవర్ దగ్గర తెర ఆపే సమయాన్ని "నెవర్" అని మార్చాం. ఛార్జరు కూడా పెట్టి ఉంచాం. గంటా పది నిమిషాలు ఆమె మన అందరినీ చూస్తూ ఉంది. ఆమె ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉందని నేను ఆ రోజే గమనించాను.

కోతకాలపు పండుగకు పాత ఫొటోలు చూపిద్దామని పెద్దలు అనుకున్నారు. ఇంటికి మూడు చొప్పున ఇవ్వండి. ల్యాప్‌టాప్ శనివారం సాయంత్రం 4 నుంచి మందిరంలో ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ ఫొటోలోని మనుషుల్ని గుర్తుపట్టగల పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకు రండి. నడవలేని వాళ్లుంటే ముందురోజు చెప్పండి, ఆటో పంపిస్తాను.